పక్కవాళ్ళతో మాట్లాడనిస్తే ఏమవుతుంది?

తెలుగునాట బడిలో చదువుకున్న చాలామందికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. సారు స్టాఫ్‌రూమ్‌కి వెళ్తూ క్లాస్ లీడర్‌ని పిలిచి చాక్‌పీసు చేతికిస్తారు. లీడరు బోర్డు మీద ఓ మూల గీత గీసి, పైన 'మాట్లాడినవారు' అని రాస్తాడు. కింద ఒక్కో పేరూ చేరుతుంది. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. ఇంకోసారి మాట్లాడితే ఇంకో ఇంటూ. సారు తిరిగొచ్చాక ఇంటూలు లెక్కపెట్టి దెబ్బలు, లేదంటే గోడకుర్చీ. దెబ్బలు కొట్టడాన్ని ఇప్పుడు చట్టమే నిషేధించింది. ఆ జాబితా వెనకున్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే చదువు సాగుతోందని, పిల్లలు పక్కవాళ్ళతో మాట్లాడితే చదువు ఆగిపోయిందని ఇప్పటికీ అనుకుంటాం.

పిల్లలు మాట్లాడుకోవడం పాఠానికి అడ్డమని అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఏ పనీ అప్పజెప్పకుండా వదిలేస్తే వాళ్ళు నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించే మాట్లాడుకుంటారు. అయితే చేతిలో ఒక మంచి ప్రశ్న పెట్టి, పక్కనున్న ఒక్కరితో, మూడు నాలుగు నిమిషాలు మాట్లాడమంటే జరిగేది వేరు. టీచరు ఎంత బాగా చెప్పినా పాఠంతో జరగని ఒక పని ఆ కాసేపట్లో జరుగుతుంది. పిల్లలు తమకు అర్థమైందనుకున్నదాన్ని మాటల్లో పెట్టాల్సి వస్తుంది. పెట్టలేకపోతే అర్థం కాలేదని వాళ్ళకే తెలిసిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. క్లాసులో 40 మంది, పీరియడ్ 40 నిమిషాలు. అందులో 20 నిమిషాలు టీచరు పాఠం చెప్పారనుకుందాం. హాజరుకీ హోంవర్కుకీ ఒక్క నిమిషం కూడా పోకుండా మిగతా 20 నిమిషాలూ పిల్లలకే ఇచ్చేసినా, తలకి వచ్చేది అర నిమిషం. ఆ అర నిమిషం కూడా అందరికీ రాదు. ముందు బెంచీలో చెయ్యెత్తే నలుగురైదుగురే దాన్ని పంచుకుంటారు. మిగతావాళ్ళంతా "అర్థమైందా?" అన్నప్పుడు "అయింది సార్" అనే కోరస్‌లో కలిసిపోతారు. అదే 40 మందినీ 20 జంటలు చేసి నాలుగు నిమిషాలిస్తే, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు మాట్లాడే వీలుంటుంది. ఒకేసారి 20 నోళ్ళు పనిచేస్తాయి. నలుగురైదుగురిని ఒక జట్టుగా కూర్చోబెడితే అందులో ఇద్దరు మాట్లాడి, ఒకరు రాసి, మిగతావాళ్ళు కిటికీలోంచి చూస్తూ గడిపేయొచ్చు. ఇద్దరే ఉన్నచోట దాక్కోవడానికి చోటుండదు. ఒకరు మాట్లాడకపోతే రెండోవారికి వెంటనే తెలుస్తుంది.

కోరస్ జవాబులకి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక్క సెకను దగ్గరే తేలింది. దాన్ని మూడు సెకన్లకో అంతకన్నా కాస్త ఎక్కువకో పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదు అనడం తగ్గింది, అంతకుముందు నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. మూడు సెకన్లకే అంత తేడా ఉంటే, ఆలోచించడానికి ఒక నిమిషం, పక్కవాళ్ళతో చెప్పుకోవడానికి రెండు నిమిషాలు ఇస్తే ఎలా ఉంటుంది? మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. ముందు ఎవరికి వారు ఆలోచించాలి, తర్వాత జంటగా మాట్లాడుకోవాలి, ఆ తర్వాత క్లాసుకి చెప్పాలి. థింక్-పెయిర్-షేర్ అన్న పేరు మన టీచర్ల శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తుంటుంది. చాలాసార్లు మొదటి మెట్టును దాటేసి నేరుగా "మాట్లాడుకోండి" అంటారు. దాంతో తొందరగా ఆలోచించే పిల్లే మాట్లాడుతుంది, రెండోది తలూపుతుంది. ముందు ఇద్దరూ ఎవరి నోట్‌బుక్‌లో వాళ్ళు ఒక్క లైనైనా రాసుకుంటే ఈ చిక్కు చాలావరకు పోతుంది.

జంటలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలంటే అయిదో తరగతి భిన్నాలు తీసుకోవచ్చు. బోర్డు మీద ఒకే ప్రశ్న ఉంది. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా? ఇద్దరమ్మాయిలు. ఒకామె 1/4 అని రాసింది, రెండో ఆమె 1/3 అని.

"నాలుగు పెద్దది కదే, అందుకే 1/4."

"కాదే. ఒక రొట్టె ఉంది, నలుగురు పంచుకున్నారు. నీకెంతొస్తుంది?"

"ఒక ముక్క."

"అదే రొట్టె ముగ్గురే పంచుకుంటే?"

"అప్పుడూ ఒక ముక్కే." కాసేపు ఆగింది. "కానీ ఈ ముక్క పెద్దది."

"మరి?"

"అంటే కింద అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందా? ఆగు, మరి 2/4 అయితే? అది 1/3 కంటే పెద్దదా?"

చివరి ప్రశ్న అడిగింది తప్పు జవాబు రాసిన అమ్మాయి. జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది సరైన జవాబు రాసిన అమ్మాయికి. ఆమెకి 1/3 పెద్దదని తెలుసు, రొట్టె బొమ్మ కూడా గుర్తుంది. పైన అంకె మారితే ఏమవుతుందో మాత్రం అప్పటిదాకా ఆలోచించలేదు. ఇప్పుడు ఇద్దరూ రొట్టెను మళ్ళీ గీసుకోవాలి. నాలుగు ముక్కల్లో రెండంటే సగం రొట్టె, సగం మూడో వంతు కంటే పెద్దది అని వాళ్ళే తేల్చుకోవాలి. టీచరే ఈ మాట బోర్డు దగ్గర చెప్పి ఉంటే 40 మందీ తలూపేవాళ్ళు. 'నాలుగు పెద్దది కదా' అన్న తప్పు ఆలోచన మాత్రం ఆ తలలో అలాగే ఉండిపోయేది, ఎందుకంటే దాన్ని పైకి అనే అవకాశమే రాలేదు. టీచరు ముందు అనడానికి భయం. పక్కనున్న స్నేహితురాలి ముందు భయం లేదు.

కాలేజీ చదువుల్లో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఫిజిక్స్‌లో ఉంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ విద్యార్థులకు ప్రాథమిక ఫిజిక్స్ చెప్పేవారు. పాఠాలు బాగా చెబుతారని మంచి పేరు. విద్యార్థులు కష్టమైన లెక్కలు కూడా చేసేసేవారు. అరిజోనాలో డేవిడ్ హెస్టెనెస్, ఇబ్రహీం హలూన్ అనే ఇద్దరు రాసిన వ్యాసాలు ఆయన చదివారు. లెక్కలు చేయగల విద్యార్థులకు కూడా బలం, చలనం గురించిన మూల భావనలు అర్థం కావడం లేదని వాటి సారాంశం. తన విద్యార్థులకి అలా ఉండదని చూపిద్దామని, ఆ ఇద్దరూ వాడిన పరీక్షనే ఆయన తన క్లాసులో పెట్టారు. బరువైన ట్రక్కు చిన్న కారును గుద్దితే ఎవరి మీద ఎక్కువ బలం పడుతుంది లాంటి ప్రశ్నలు. న్యూటన్ మూడో నియమం ఎవరినడిగినా గడగడా చెబుతారు, చర్యకు ప్రతిచర్య సమానం, వ్యతిరేకం. ఈ ప్రశ్నకి మాత్రం కారు మీదే ఎక్కువ బలం పడుతుందని రాస్తారు. పరీక్ష మొదలవుతుండగా ఒక విద్యార్థిని ఆయన్ని అడిగిన ప్రశ్న తర్వాత చాలాచోట్ల ప్రస్తావనకొచ్చింది. మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా?

ఫలితాలు చూసి ఆయన ఆ ప్రశ్నల్లో ఒకదాన్ని క్లాసులో మళ్ళీ వివరించారు. ముఖాల్లో అయోమయం పోలేదు. ఇంకోలా చెప్పారు, అయినా పోలేదు. ఇక ఏం చేయాలో తోచక, మీలో మీరే మాట్లాడుకోండి అన్నారు. హాలంతా గోల. రెండు మూడు నిమిషాల్లో వాళ్ళే తేల్చుకున్నారు. దీనికి ఆయన ఇచ్చిన కారణం సూటిగా ఉంటుంది. ఒక విషయం ఇప్పుడిప్పుడే అర్థమైనవాడికి అది ఎక్కడ కష్టమైందో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నవాడికి ఆ కష్టం మరుపుకొచ్చేస్తుంది. మన ఇళ్ళల్లోనూ ఇది చూస్తాం. సైకిల్ నేర్పడంలో నాన్న కన్నా పక్కింటి అన్న నయం.

1991 నుంచి ఆయన దీన్ని ఒక పద్ధతిగా మలిచారు, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు పెట్టారు. ప్రశ్న అడగాలి, ఎవరికి వారు జవాబు ఇవ్వాలి, పక్కవాళ్ళని ఒప్పించే ప్రయత్నం చెయ్యాలి, మళ్ళీ జవాబు ఇవ్వాలి. పదేళ్ళ అనుభవాన్ని ఆయన, క్యాథరీన్ క్రౌచ్ కలిసి 2001లో ప్రచురించారు. మూల భావనల పరీక్షలోనూ, మామూలు లెక్కల్లోనూ విద్యార్థులు మెరుగయ్యారు. అందులో టీచర్లకు బాగా పనికొచ్చే మాట ఒకటుంది. మొదటిసారి సరైన జవాబు చెప్పినవాళ్ళు మరీ తక్కువుంటే చర్చ పెట్టి లాభం లేదు, ముందు పాఠమే మళ్ళీ చెప్పాలి. దాదాపు అందరికీ తెలిసిపోతే చర్చే అక్కర్లేదు. ఇంచుమించు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మందికి తెలిసినప్పుడే పక్కవాళ్ళతో మాటలు బాగా పండుతాయి.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. తెలిసినవాడు చెబితే తెలియనివాడు కాపీ కొట్టడం కాదా ఇది? అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మిషెల్ స్మిత్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో రాసింది. జెనెటిక్స్ క్లాసులో ఒక ప్రశ్న అడిగి, చర్చ తర్వాత మళ్ళీ జవాబు తీసుకున్నారు. సరైన జవాబు ఏదో చెప్పకుండానే, అదే సూత్రం మీద పైకి వేరుగా కనిపించే రెండో ప్రశ్న ఇచ్చి ఒంటరిగా చేయమన్నారు. మొదటిసారి తప్పు రాసి, చర్చ తర్వాత సరిదిద్దుకున్నవాళ్ళలో ఎక్కువమంది రెండో ప్రశ్నకీ సరైన జవాబే ఇచ్చారు. కాపీ అయితే ఇది కుదరదు. అంతకన్నా విశేషం, చర్చించుకున్నవాళ్ళలో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని చోట్ల కూడా మెరుగుదల కనిపించింది. అంటే ఇద్దరు తెలియనివాళ్ళు కూడా, కారణాలు చెప్పుకుంటూ పోతే, తెలిసే దారిలో పడగలరు.

కారణాలు చెప్పుకోవడం అన్నదే అసలు కీలకం. కాలిఫోర్నియాకు చెందిన విద్యా పరిశోధకురాలు నోరీన్ వెబ్ పిల్లల చర్చలను ఏళ్ళ తరబడి గమనించి తేల్చింది కూడా అదే. వివరించి చెప్పిన పిల్లలు బాగా నేర్చుకుంటారు. జవాబు మాత్రమే అందుకున్నవాళ్ళకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాబట్టి "నీ జవాబు చూపించు" అంటే జంట పని కాదు, "ఎందుకు అలా రాశావు?" అంటేనే జంట పని. "మా అమ్మాయి చదివే పిల్ల, పక్కపిల్లకి చెప్పడానికే దాని టైమంతా పోతోంది" అని బడికొచ్చి గొడవపడే తల్లిదండ్రులకు టీచర్లు ధైర్యంగా చెప్పాల్సిన మాట ఇది. చెప్పే పిల్లకి ఆ టైమ్ వృథా కాదు. ఎక్కువ లాభం చాలాసార్లు ఆమెదే.

ఈ సంగతి తెలుగు నేలకి కొత్త కూడా కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో మద్రాసు ప్రెసిడెన్సీలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన అంతకుముందే తెలుగు వ్యాకరణం రాసినవాడు. ఆయన జిల్లాలో అప్పుడు 533 బడులున్నాయి, వాటిలో 226 తెలుగు బడులు. పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద తరగతుల వాళ్ళని అయ్యవారు చూసుకుంటే, చిన్నవాళ్ళకి ముందున్న పిల్లలు కొంత నేర్పేవారు. ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకి చెబుతూ తమకు తెలిసినదాన్ని గట్టిపరుచుకునే ఈ ఏర్పాటు మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం సబబేనని క్యాంప్‌బెల్ రాశాడు.

ఇంగ్లండులో అనుకరించడం వెనక కథ మద్రాసు ఎగ్మూరుది. 1789లో అక్కడి అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, ఒక దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలా నేర్పమంటే అక్కడి టీచర్లు ఇష్టపడలేదు. ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఆ పని అప్పగించాడు. వాడు చేసి చూపించాడు. తర్వాత బెల్ ప్రతి తరగతినీ నేర్పేవాడు, నేర్చుకునేవాడు అని జంటలుగా విడగొట్టాడు. 1797లో దాని మీద లండన్‌లో నివేదిక అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది దేశదేశాలకీ పాకింది.

ఆ తర్వాతి కథ మాత్రం హెచ్చరికగా చదువుకోవాలి. వందలాది పిల్లలకి ఒక్క మాస్టారు చాలు, మిగతాది పిల్లలే చూసుకుంటారు అన్న పొదుపు లెక్కే ముందుకొచ్చింది. చిన్నపిల్లలు ఇంకా చిన్నపిల్లలతో వల్లె వేయించడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. క్రమంగా ఆ పద్ధతి మూలపడింది. ఈ రోజు ఒకే టీచరున్న బడుల్లో "పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారులే" అని సర్దుకుపోవడం కూడా అలాంటిదే అవుతుంది. జంట పని టీచరు పని తగ్గించదు. మంచి ప్రశ్న తయారు చేయడం, బెంచీల మధ్య తిరుగుతూ వినడం, ఎక్కడ తప్పు పాకుతోందో పట్టుకోవడం ఇవన్నీ ఉపన్యాసం కన్నా ఎక్కువ పని. 2020 జాతీయ విద్యా విధానం కూడా పిల్లలు పిల్లలకు నేర్పడాన్ని మెచ్చుకుంటూనే, అది ఇష్టపూర్వకంగా, శిక్షణ పొందిన టీచర్ల పర్యవేక్షణలో జరగాలంది.

మన తరగతుల్లో జంట పనికి ఇంకో విలువ ఉంది. అది భాషకు సంబంధించింది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మీడియం వైపు మళ్ళాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలొచ్చాయి. పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నా, వాటిని కలిపే పని పిల్లల బుర్రలోనే జరగాలి. ఎవాపరేషన్ అని టీచరు చెప్పింది, "అంటే బట్టలు ఆరడమేనా?" అని పక్కవాడిని అడిగితేనే కుదురుకుంటుంది. ఆ మాట క్లాసులో లేచి అడగమంటే చాలామంది అడగరు, ఇంగ్లీషులో అడగాలేమోనన్న టెన్షన్. ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. కోయ, సవర, గోండి, కువి మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకి తెలుగే రెండో భాష. టీచరుకి ఆ భాష రాకపోతే, తెలుగు కాస్త ఎక్కువ పట్టుబడ్డ తోటి పిల్లే ఆ తరగతిలో అసలైన దుబాసీ. ఆ పిల్ల పక్కన ఎవర్ని కూర్చోబెట్టామన్నది అక్కడ చిన్న విషయం కాదు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతిలో ఈ చూపు మొదటి నుంచీ ఉంది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. చేస్తున్న పనిని బట్టి కొందరు టీచరు దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు సొంతంగా నేర్చుకుంటారు. తోటిపిల్లల సాయం అక్కడ టీచరు లేని లోటు పూడ్చుకోవడానికి పెట్టింది కాదు. ఏ పనికి అది సరిపోతుందో చూసి పెట్టింది.

ఎవరిని ఎవరితో జత చేయాలి? మన దగ్గర అలవాటుగా జరిగేది ఫస్ట్ ర్యాంకు పిల్లాడిని చివరి ర్యాంకు పిల్లాడి పక్కన కూర్చోబెట్టడం. ఉద్దేశం మంచిదే. కానీ దూరం ఎక్కువైపోతుంది. ఒకడికి విసుగు, ఇంకొకడికి చిన్నతనం. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. పిల్లలు ఒంటరిగా చేయలేనిదీ, కాస్త తోడుంటే చేయగలదీ ఒక మేర ఉంటుంది, నేర్చుకోవడం ఆ మేరలోనే జరుగుతుంది. తోడు మరీ పైనుంటే అందదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ ఫ్యూక్స్, లిన్ ఫ్యూక్స్ చదవడం కోసం తయారుచేసిన జంటల పద్ధతిలో దీనికి ఒక తేలికైన ఉపాయం ఉంది. 40 మందిని వరసలో పెట్టి, ఆ వరసను మధ్యకు విరుస్తారు. ఒకటో నంబరుకి ఇరవై ఒకటి, రెండో నంబరుకి ఇరవై రెండు, అలా ఇరవయ్యో నంబరుకి నలభై. ప్రతి జంటలోనూ తేడా ఉంటుంది, ఏ జంటలోనూ అది అగాధమంత ఉండదు. పైగా ఇద్దరూ వంతులవారీగా చదువుతారు, వంతులవారీగా దిద్దుతారు. ఎప్పుడూ ఒకరే గురువు కారు. అలా కాకపోతే 'నువ్వు తెలివైనదానివి, నువ్వు కాదు' అని రోజూ బెంచీ మీద రాసిపెట్టినట్టే. ఈ నంబర్లు టీచరు నోట్‌బుక్‌లో ఉండాలి, పిల్లలకి తెలియకూడదు.

జతలు టీచరే కుదర్చాలి అనడానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. వదిలేస్తే పిల్లలు తమ వీధివాళ్ళ పక్కనే కూర్చుంటారు. మన ఊళ్ళల్లో వీధి అంటే ఏంటో అందరికీ తెలుసు, అది కులాన్ని బట్టే ఉంటుంది. మూడు నాలుగు వారాలకోసారి జతలు మారుస్తూ పోతే, పదేళ్ళు ఒకే ఊళ్ళో పెరిగి ఒకరితో ఒకరు పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్లలు రొట్టె ముక్కల గురించి వాదించుకుంటారు. అన్నీ దానంతటవే మారిపోతాయని కాదు. ఆ వాదన మాత్రం ఇద్దరికీ గుర్తుంటుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. గోల అవుతుంది, పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరికొచ్చి చూస్తారు. ఎవరో ఒకరు రాకపోతే ముగ్గురిని కలపాలి. గట్టిగా మాట్లాడేవాడు తప్పును కూడా ఒప్పించేస్తాడు, అందుకే చివరిలో టీచరు అసలు జవాబు, కారణంతో సహా, చెప్పి తీరాలి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పిల్లల్లోనే ఉంది. హార్వర్డ్‌లోనే 2019లో లూయీ డెలారియే బృందం ఫిజిక్స్ క్లాసుల్లో చూపించింది ఏమిటంటే, చర్చలతో, తామే చేస్తూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. బాగా సాగిన ఉపన్యాసం వింటే అంతా అర్థమైనట్టు హాయిగా ఉంటుంది. తడబడుతూ, వాదిస్తూ నేర్చుకుంటే కష్టంగా ఉంటుంది, ఆ కష్టాన్నే రాకపోవడం అనుకుంటారు. 'ఆ సారు భలే చెబుతారు' అన్న పేరు మీదే క్లాసులు నడిచే చోట ఈ సంగతి పిల్లలకి మొదటి రోజే చెప్పాలి. చెబితే అర్థం చేసుకుంటారు.

ఒక చిన్న మార్పు మాత్రం రేపటి పీరియడ్‌లోనే మొదలుపెట్టొచ్చు. జంటగా మాట్లాడుకున్నాక "నీ జవాబేంటి?" అని కాకుండా "నీ పక్కమ్మాయి ఏమంది?" అని అడగడం. ఈ ప్రశ్న వస్తుందని తెలిస్తే పిల్లలు నిజంగా వింటారు. ఏడాది పొడుగునా చెయ్యెత్తని పిల్ల ఒకామె ప్రతి క్లాసులోనూ ఉంటుంది, మూడో బెంచీలో, గోడ పక్కన. ఆమె రెండు నిమిషాల కింద మెల్లగా చెప్పిన మాటను పక్కనున్న పిల్ల లేచి నిలబడి గట్టిగా అంటుంది. "మేడమ్, 2/4 అంటే సగమే కదా, మరి రెండు రకాలుగా ఎందుకు రాస్తాం అని అడిగింది." క్లాసంతా వెనక్కి తిరిగి గోడ పక్కనున్న ఆ పిల్ల వైపు చూస్తుంది.